చర్చి గడపకు పసుపు

మొన్న మా బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో చర్చి ముందు ఆటో దిగగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నల్లరాతి గడప పీకేసి తళతళలాడే తెల్ల టైల్స్ పరిచారు. ఆ గడపకు ఒక్కసారి పసుపు రాయాలని క్యాసంబళ్ళి నుంచి పనిగట్టుకుని వచ్చిన మా పెద్దమ్మ నా పక్కనే నిలబడి ఉంది.

గనుల కంపెనీ కాలంలో తెల్లదొరలు కట్టించుకున్న చర్చి అది. మందపాటి రాతిగోడలు, కొసదేరిన కిటికీ కమానులు, వాటిలో ఎరుపు, నీలం అద్దాలు. పైకప్పు దూలాలు గనిలో బండ పడకుండా నిలబెట్టే దుంగలేనని అనేవారు. గనులు సర్కారువయ్యాకే మావాళ్ళకు దాని గేటు తెరుచుకుంది. గని లోపల బండ పేలితే మా కూలీ లైను ఇళ్ళ రేకులు గలగలమనేవి, పొయ్యి మీది గిన్నెలు దొర్లేవి. చర్చి మాత్రం కదిలేది కాదు. అందుకే ఆడవాళ్ళంతా అక్కడికే పరిగెత్తేవారు. ఆ వాకిట్లో కూర్చుంటే గని మీది చక్రం కనిపిస్తుంది. అది తిరిగిందంటే మనుషులు పైకి వస్తున్నట్టు.

నేను ఒడిలో పిల్లవాణ్ణిగా ఉన్నప్పుడు పెద్దనాన్న గనిలో ఇరుక్కుపోతే, పెద్దమ్మ ఆ గడప పట్టుకుని తెల్లారేదాకా లేవలేదట. ఆయన బతికి పైకొచ్చాడు. ఆ శుక్రవారమే గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టేసింది. లైనంతా నోరు నొక్కుకుంది. అప్పటి చర్చి పాస్టరు అయ్యగారు మాత్రం చూసి, "జారతాదేమో చూడమ్మా, ముసలోళ్ళు వస్తారు" అని ఊరుకున్నాడట. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆమె ఏ శుక్రవారమూ మానలేదు.

రిపేర్లు చేయిస్తున్న చర్చి కమిటీ పెద్ద గుమ్మం దగ్గరే ఉన్నాడు, మా లైనువాడే, నా ఈడువాడే.

"రాయి యాడ పెట్టినార్రా?" అన్నాను.

"పగలగొట్టి పునాదిలో వేసినామప్పా. ఇప్పుడు చూడు, ఎంత నీట్‌గా ఉండాదో."

నీట్‌గా ఉందట, వాడి మొహం. "మీ అమ్మ కూర్చుని ఏడ్చిన రాయిరా అది" అని నడివీధిలో అరిచాను. వాడు వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. ఆ నిర్లక్ష్యానికి నాకింకా మండింది. వెనకాలే పోబోతుంటే పెద్దమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"వాన్ని ఏమనొద్దప్పా. మీ పెద్దనాయన పైకొచ్చిన పొద్దే, వాళ్ళ నాయన రాలేదు. నేను పసుపు పూసినప్పుడల్లా వాళ్ళమ్మ నన్ను చూస్తానే ఉండె."

వాడు తండ్రి లేనివాడని తెలుసు. ఆ పొద్దే పోయాడని పెద్దమ్మ ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. పెద్దమ్మ పసుపు పొట్లం కొంగున ముడేసుకుని తిరుగు ఆటో ఎక్కింది. నా కోపం ఇంకా తగ్గలేదు. ఒకే పూటను మా ఇంటికి పండగగా, వాళ్ళింటికి చావుగా పంచిపెట్టి, ఏమీ ఎరగనట్టు నడిచిపోయిన కాలాన్ని పట్టుకుని తిట్టేదెవరు?