పొట్ట కింద పాత చీర

“...అట్టా లాగితే దానికి నొప్పెడుతుందండీ, నన్ను పట్టుకోనివ్వండి,” అంది ఎలిజబెత్.

“నువ్వు పట్టుకుంటే అది అడుగెయ్యదుగా,” అన్నాడు భర్త బాలశౌరి.

ముసలి కుక్క రూబీకి వెనక కాళ్ళు పడిపోయాయి. భార్య పాత చీర దాని పొట్ట కింద వేసి, నడుము ఎత్తిపట్టి, గవర్నర్‌పేట సందులో ఆయనే నడిపిస్తాడు. పిల్లగా తెచ్చి పెంచింది ఎలిజబెత్. రిటైరయ్యేదాకా ఆయన దాన్ని తాకిందే లేదు. ఇప్పుడు దానికి తోడుగా ఆదివారాలు ఆయన ఇంట్లో ఉండిపోతున్నాడు. ఏ ఆరాధనా మానని ఎలిజబెత్, చర్చిలో పాట పాడుతూ కూడా ఆయన ఒళ్ళో దాని తలని తలచుకుని కుళ్ళుకుంటుంది.

ఇంటికి రాగానే ఆమె అన్నం గిన్నె జరిపితే రూబీ ముట్టలేదు. ఆయన ముద్ద చేసి అందిస్తే తిని, ఆయన వేళ్ళు కూడా నాకింది.

“రేపు ఆరాధనకి మీరెళ్ళండి,” అంది ఎలిజబెత్. “దీని దగ్గర నేనుంటాను.”