అత్తమ్మ ఆడిన వీడియో గేమ్

పిల్లల మీద ఒట్టు పెట్టుకోకూడదంటారు. అందుకే నా రెండు కళ్ళ మీద పెట్టుకుని చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది లేదు. నమ్మితే నమ్మండి, లేదంటే నవ్వుకోండి. మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు... కానీ నవ్వేటప్పుడు నా వైపు చూడడు.

తొంభైల్లో మాట. అప్పుడు మేం బూర్గంపాడులో ఉండేవాళ్ళం. సొంతూరు తల్లాడ. మా ఆయన ఎరువుల దుకాణం పెట్టుకోవడంతో ఆ అడవి అంచుకు వచ్చిపడ్డాం. నేను, ఆయన, మా అమ్మాయి శిరీష, మా అత్తమ్మ. చిన్న ఇల్లు కట్టుకున్నాం. శిరీష మూడో తరగతి. ఒక్కతే పిల్ల.

సరుకు కోసం ఖమ్మం పోయిన ఆయన ఒకసారి అట్టపెట్టెతో బస్సు దిగాడు. వీడియో గేమ్. టీవీకి తగిలించి ఆడుకునేది. నల్లటి డబ్బా, అందులో దూర్చే పసుపుపచ్చ క్యాసెట్టు, పొడుగాటి వైర్లతో రెండు రిమోట్లు. ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోవచ్చని అమ్మినవాడు చెప్పాడట. ఇంటిల్లిపాదీ అంటే ఎవరు? ఆయన దుకాణంలో, నేను పొయ్యి దగ్గర. ఇక మిగిలింది అత్తమ్మ.

నవ్వకండి. డెబ్బై దాటిన మనిషి, కంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చిన మందపాటి అద్దాలు... రెండో రిమోట్‌ను కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని మంచం మీద కూర్చునేది. ఆ ఆటలో ఇద్దరు బొమ్మ మనుషులు అడవిలో నడవాలి, గుంతలు దూకాలి. ఇద్దరూ కలిసి వస్తేనే తెర ముందుకు జరుగుతుంది. ఒకడు వెనక ఉండిపోతే రెండోవాడు తెర చివర ఆగిపోవాల్సిందే. వెనక ఉండిపోయేది ఎప్పుడూ అత్తమ్మే. రా నానమ్మా, రా నానమ్మా అని శిరీష ఇల్లు పీకి పందిరేసేది. అత్తమ్మకు తెలిసింది ఒక్క మీటే. ఎగిరే మీట. తన బొమ్మను నిలబడ్డ చోటనే రెండుసార్లు ఎగిరించేది. కాసేపు ఆగేది. మళ్ళీ రెండుసార్లు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"ఊకె నిలబెడితే వానికి కాళ్ళు తిమ్మిరెక్కవా?" అంది.

నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో నేను కడుపుబ్బ నవ్విన రోజులు అవే.

వానాకాలం మొదట్లో అత్తమ్మ పోయింది. తెల్లవారుజామున, ఆ మంచం మీదే. గుండెలో నొప్పి అంది... నేను మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. సరిగా ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. అయ్యగారు పంచాంగం చూసి ధనిష్ఠలో పోయిందన్నారు. ఆ నక్షత్రంలో పోయినవాళ్ళు ఇంట్లోంచి ఇంకొకరిని తోడు తీసుకుపోతారని మా వైపు గట్టి నమ్మకం. ఆరు నెలలు ఇల్లు వదిలేయాలన్నారు. పోయిన గదిలోంచి ఏ వస్తువూ బయటికి తేవద్దన్నారు. టీవీ, గేమూ ఉన్నది ఆ గదిలోనే.

టీవీ మీద దుప్పటి కప్పి, ప్లగ్గు పీకి, కరెంటు మెయిన్ దించాం. తాళం వేశాం. గుమ్మానికి అడ్డంగా రేగుకంప కట్టాం. ఎదురుగా రంగమ్మ అనే పెద్దావిడ ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా మా ఇల్లే. గుమ్మంలో ఎవరు నిలబడ్డా లోపలికి పిలిచి కూర్చోబెట్టే మనిషి అత్తమ్మ. ఆమె గుమ్మానికి ముళ్ళు కట్టాం.

శిరీష గేమ్ కావాలని ఏడ్చింది. నాలుగు రోజులకు అడగడం మానేసింది. అన్నం కూడా సరిగా తినేది కాదు. గడప మీద కూర్చుని ఎదురింటి వైపే చూస్తుండేది.

తర్వాత జ్వరం పట్టుకుంది. అడవి వైపు జ్వరాల సంగతి మీకు చెప్పాలా? భద్రాచలం దవాఖానాలో సూది వేసి, మాత్రలిచ్చి పంపారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వణుకు. నా గుండెలో ఒకటే మాట... తోడు తీసుకుపోతారు, తోడు తీసుకుపోతారు. ఎవరితోనూ అనలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం.

ఆ రోజు ఇక్కడ దొరకని మందేదో రాసిస్తే ఆయన ఖమ్మం పోయాడు. మొదటి మందు పిల్లకు ఇక్కడే వేశారు, ఇంకోటి అక్కడి నుంచి తేవాలి. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయని ఎవరో చెప్పారు. పొద్దుగూకగానే కరెంటు పోయింది. వాడంతా చీకటి. రంగమ్మ కిరసనాయిలు బుడ్డి తెచ్చి మా దగ్గరే కూర్చుంది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. నుదుటి మీద తడిగుడ్డ వేస్తే ఇట్టే ఆరిపోతోంది.

శిరీష కళ్ళు తెరిచింది.

"అమ్మా, నానమ్మ నిలబడ్డది."

"ఏడ బిడ్డా?"

"ఆటల. నేను పోకుంటే ముందుకు పోదు. ఒక్కతే ఎట్ల పోతది?"

మంచం దిగబోయింది. పట్టుకుని పడుకోబెట్టాను. అప్పుడు... వినిపించింది.

మొదట వాన చప్పుడే అనుకున్నాను. కాదు. పాట. గేమ్ పెట్టగానే వచ్చే సన్నటి పాట. టిటిటీ... టిటిటీ... అయిపోయి మళ్ళీ మొదటికొచ్చే పాట. వినిపిస్తోందా అని రంగమ్మను అడిగాను. ఆవిడ చెవి ఒగ్గి విన్నది. ఏం వినపడడం లేదని, కప్పలు కావచ్చని అంది.

తలుపు తీశాను. ఎదురింటి కిటికీ రెక్కల సందులో వెలుగు. నీలంగా... వణుకుతూ.

పిల్లను చూస్తుండమని రంగమ్మకు చెప్పి వానలోకి దిగాను. ధైర్యమనుకోకండి. నేను పోకపోతే నా బిడ్డ పోతుంది... నా బుర్రలో ఉన్నది అంతే. బురదలో కాలు జారింది. లేచాను. కిటికీ దగ్గరికి చేరి, సందులో కన్ను పెట్టాను.

టీవీ వెలుగుతోంది. తెర మీద ఆ అడవి. ఇద్దరు బొమ్మ మనుషులు. ముందున్నవాడు కదలడం లేదు. వెనకవాడు... రెండుసార్లు ఎగిరాడు. ఆగాడు.

మళ్ళీ రెండుసార్లు.

ఆగాడు.

టీవీకి ఎదురుగా అత్తమ్మ మంచం ఉంటుంది. కాస్త పక్కకు చూస్తే కనిపిస్తుంది. చూడలేదు. ఎంత అనుకున్నా చూపు అటు తిరగలేదు. మీట నొక్కిన చప్పుడు మాత్రం విన్నాను. టిక్ టిక్. ... టిక్ టిక్.

అప్పుడు ముందున్న బొమ్మ కదిలింది. అది శిరీష బొమ్మ. ఒక అడుగు... ఇంకో అడుగు. వెనకవాడు దాని వెంటే బయల్దేరాడు. ఇద్దరూ కలిసి నడుస్తున్నారు. తెర మెల్లగా ముందుకు జరగడం మొదలుపెట్టింది.

కిటికీ చువ్వలు పట్టుకున్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

"అత్తమ్మా, పిల్లను ఇడిసిపెట్టు. నీ కాళ్ళు మొక్కుత. నువ్వు పో."

రెండు బొమ్మలూ ఆగిపోయాయి. పాట మాత్రం నడుస్తూనే ఉంది. వెనకవాడు ఎగరలేదు. ఊరికే నిలబడ్డాడు... చాలాసేపు. తర్వాత వెనక్కి తిరిగాడు. ఆ ఆటలో దాటివచ్చిన దారిలో వెనక్కి పోవడం కుదరదు, తెర పోనివ్వదు. వాడు పోయాడు. ఎడమ అంచు దాకా మెల్లగా నడిచి... అంచు దాటి పోయాడు. వెలుగు ఆరిపోయింది. పాట ఆగిపోయింది. వాన చప్పుడొక్కటే మిగిలింది.

తిరిగి రంగమ్మ ఇంట్లోకి వచ్చేసరికి శిరీష మెడ, నుదురు అంతా చెమట. జ్వరం దిగుతోంది. నేను పోయిన తర్వాత పిల్ల నిద్రలో బొటనవేళ్ళు ఆడించిందని రంగమ్మ చెప్పింది.

"గిట్ల గిట్ల వత్తింది బిడ్డా. మల్ల ఒక్కసారే ఇడిసిపెట్టింది. గప్పుడే చెమట వట్టింది."

ఆయన మర్నాడు వచ్చాడు. నా పోరు పడలేక కంప జరిపి లోపలికి పోయి చూశాడు. టీవీ మీద కప్పిన దుప్పటి కప్పినట్టే ఉంది. ప్లగ్గు పీకి ఉంది. మెయిన్ దించే ఉంది. రెండు రిమోట్లకూ వైర్లు చుట్టి డబ్బా మీదే ఉన్నాయి. నిద్ర లేక నాకు అట్లా అనిపించిందని, జ్వరం తగ్గింది మొదటి మందుకేనని తేల్చేశాడు. అయి ఉండొచ్చు. అంతకు ముందు రాత్రంతా నేను కన్ను మూయలేదు. మెరుపులు కూడా ఉన్నాయి. టీవీ అద్దం మీద మెరుపు పడి... ఏమో. దుప్పటి కప్పిన టీవీ మీద మెరుపెట్లా పడుతుందని అడిగితే ఆయన దుకాణం తాళాలు తీసుకుని బయల్దేరాడు.

భయం ఎప్పుడో పోయింది. మిగిలింది వేరే. అత్తమ్మ పిల్లను తీసుకుపోవడానికే వచ్చిందా? ఒక్కసారి ఆడి పోదామని వచ్చిందా? లేకపోతే పిల్ల జ్వరాన్ని తన వెంట తీసుకుపోయిందా? నాకు తెలియదు. బతికినన్నాళ్ళు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ ఆమెను అనలేదు. అన్నది ఆ రాత్రి కిటికీలోంచి అన్న మాటే. బిడ్డను కన్నదాన్ని, ఇంకేమనను? మళ్ళీ ఆ రాత్రే వస్తే మళ్ళీ అదే అంటాను. అయినా ఏడుపొస్తుంది.

శిరీష ఇప్పుడు పెళ్ళయి ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో ఉంటోంది. నానమ్మ కలలోకి వచ్చిందని అప్పుడప్పుడు ఫోన్ చేసి చెబుతుంది. ఏమీ మాట్లాడదట, పక్కన కూర్చుంటుందట. మా ఆయనకూ వస్తుంది. రంగమ్మకు కూడా ఒకసారి వచ్చి, అందరూ బాగున్నారా అని అడిగి పోయిందట. నేను రోజూ పడుకునే ముందు, రా అత్తమ్మా అని పిలుచుకుని కళ్ళు మూసుకుంటాను. నాకు మాత్రం ఇంతవరకు రాలేదు.