గడప రంగు పూసిన చిప్పలు

పోయిన ఏడాది మార్చి చివరి ఆదివారం, ఉదయం ఆరుంబావుకు, అల్వాల్ దగ్గరి ఒక చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి నా జీవితంలో మొదటి ఆల్చిప్పను పైకి తీశాను. చేత్తో కాదు, పట్కారుతో. మా వంటింటి పట్కారే. ఆ పని కోసమని ముందురోజే కడిగి సంచిలో పెట్టుకున్నాను.

"ఆంటీ, అది కరవదు," అంది పక్కనున్న అమ్మాయి.

"కరవదని నాకెరుకే," అన్నాను. నిజానికి తెలియదు.

ఆ అమ్మాయి మారేడ్‌పల్లిలో మా ఇంటి పై వాటాలో అద్దెకు ఉంటుంది. చెరువుల్లో నత్తలూ ఆల్చిప్పలూ ఎన్ని ఉన్నాయి, సెలవు రోజున సరదాకు వచ్చే జనం వాటిలో ఎన్ని ఏరుకుపోతున్నారు అన్నది ఆమె పరిశోధన. పని ఎండాకాలంలోనే. నీళ్లు వెనక్కి తగ్గి ఒండ్రు బయటపడగానే మొదలవుతుంది, మృగశిర వానలకు చెరువు నిండగానే ముగుస్తుంది. సాయానికి మనిషి దొరకడం లేదని ఆమె మా మెట్ల మీద నిలబడి ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను. వినాలని వినలేదు, మెట్లు తుడుస్తున్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేశాను. నట్లు, బోల్టులు, వాషర్లు. ఏడాదికోసారి అరల్లోని సరుకంతా లెక్కపెట్టి రిజిస్టరుతో సరిచూడటం నా బాధ్యత. ఆ రిజిస్టర్లలో నా చేతి కొట్టివేత ఒక్కటి కూడా లేదని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాను. రిటైరయ్యాక లెక్కపెట్టడానికి మిగిలినవి మెట్లు (పద్దెనిమిది), గులాబీ మొక్కలు (ఏడు, వాటిలో రెండు అనుమానం). అందుకే ఆ అమ్మాయి ఫోన్ పెట్టేయగానే, "లెక్కపెట్టే పనైతే నేనొస్త," అన్నాను.

నాతోనే ఉండే మా చెల్లెలు ఈ మాట విని గుమ్మంలోకి వచ్చింది. నాకంటే ఆరేళ్లు చిన్నది, నోరు మాత్రం ముందు పుట్టింది.

"అక్కా, గుడ్డు సుత ముట్టనిదానివి, చిప్పలు ఏరవోతవా?"

"తిననీకె గాదు. లెక్కపెట్టనీకె."

"బోల్టులంటే కదలవు. ఇవి పానమున్నయి. లెక్కపెడుతుంటే లేచి పోతే?"

ఆల్చిప్ప నడిచే వేగమెంతో ఆమెకు వివరించాను. నేనూ అంతకు పది నిమిషాల ముందే తెలుసుకున్నాను.

చెరువులోని చిప్పలన్నిటినీ ఏరి లెక్కపెట్టడం కుదరదు కాబట్టి దానికొక పద్ధతి ఉంది. కొన్నిటిని తీసి, గుర్తు పెట్టి, మళ్లీ నీళ్లలో వదలాలి. కొన్ని వారాల తర్వాత జనం ఏరిన గంపలు చూడాలి. గంపలో పదో వంతు గుర్తున్నవైతే, మనం గుర్తు పెట్టినవి చెరువులో పదో వంతన్నమాట. నాకు నమ్మకం కుదరక ముందు ఇంట్లో శనగలతో చేసి చూశాను. ఇరవై శనగలకు ఇంకు రాసి గిన్నెలో కలిపి, గుప్పెడు గుప్పెడు తీశాను. లెక్కకు నూట తొంభై నాలుగు వచ్చాయి, విడిగా లెక్కపెడితే రెండు వందల ఒకటి. ఫరవాలేదనిపించింది. ఇంకు శనగల్లో రెండు దొరకలేదు. మర్నాడు కూరలో మా చెల్లెలికి దొరికాయి.

గుర్తు పెట్టడానికి ఆ అమ్మాయి చిన్న సీసాల్లో గోళ్ల రంగు తెచ్చింది. అది నాకు నచ్చలేదు. గోళ్ల మీదే నాలుగు రోజులుండని రంగు చెరువులో ఎన్నాళ్లుంటుంది? సంక్రాంతికి మా గడపకు వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బాలు అటక మీద ఉన్నాయి, పసుపుదొకటి, ఎరుపుదొకటి. వాటిని దింపాను. ఏ చిప్ప ఏ వారానిదో తెలియడానికి ఒక పద్ధతి కూడా నేనే కనిపెట్టాను. చిప్ప వీపున పసుపు పూత, దాని మీద మొదటి ఆదివారానికి ఒక ఎర్ర చుక్క, రెండో ఆదివారానికి రెండు, మూడో ఆదివారానికి మూడు. వారానికి ఎనభై చొప్పున మొత్తం రెండు వందల నలభై. ఏటా గడప మీద చుక్కలు పెట్టిన చెయ్యి కదా, ఒక్కటి కూడా వరస తప్పలేదు.

నమూనాకు ఇంటికి తెచ్చిన ఒక వట్టి చిప్పను మా చెల్లెలు తిప్పి తిప్పి చూసింది.

"బొట్లు పెట్టినవ్ బాగనే ఉన్నది. పేరంటానికి ఎప్పుడు పిలుస్తవ్?"

"రంగు దూరంకెల్లి కనపడాలె."

"కనపడ్తది. జెర ఎక్కువనే కనపడ్తది."

ఆ మాట మీద ఒక్క నిమిషం నిలబడి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

చెరువుకు మిగతా దిక్కులన్నీ ప్రహరీ గోడలు. తూర్పు మూల ఒక్కటే మనిషి దిగేటట్టు ఉంటుంది. చిప్పలుండేదీ అక్కడే, ఆదివారం జనం వచ్చేదీ అక్కడికే. కట్ట మీద గోనె పరిచి, స్టూలేసుకుని కూర్చుని, వెళ్లేవాళ్ల గంపలు ఒంపించి లెక్కపెట్టడం, నాలుగు ప్రశ్నలు అడిగి ఫారం నింపడం నా పని. ఎప్పుడూ వచ్చేవాళ్లలో ఒకామె ఉంది. వారంలో ఆరు రోజులు అల్వాల్‌లో బండి పెట్టుకుని ఇస్త్రీ చేస్తుంది. ఏడో రోజు ఆడబిడ్డతో కలిసి, టిఫిన్ డబ్బా పట్టుకుని చెరువుకు వస్తుంది. ఇద్దరూ నడుముల్లోతు నీళ్లలో కాళ్లతో తడుముతూ, ఊళ్లోవాళ్లందరి మీదా చాడీలు చెప్పుకుంటూ నవ్వుతుంటారు.

మొదటిసారి ఫారం తీసి ఆమెనే అడిగాను. "ఎందుకు ఏరుతున్నవ్? కూరకా, అమ్మనీకా, సరదాకా?"

"ఆదివారం గదమ్మా."

"అట్ల రాసే గడి లేదు ఇండ్ల."

"అయితే మీ కాయితమే తప్పున్నది," అంది ఆమె, తడి కొంగు పిండుకుంటూ.

మే నెలంతా గంపలు చూశాను. ఆ నెల ఆ అమ్మాయి వేరే చెరువు పనిలో ఉంది, ఇక్కడ నాదే రాజ్యం. మొత్తం ఆరు వందల పన్నెండు చిప్పలు, వాటిలో రంగువి రెండు. రెండు వందల నలభైని ఆరు వందల పన్నెండుతో హెచ్చవేసి, రెండుతో భాగించాను. డెబ్బై మూడు వేల నాలుగు వందల నలభై. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే వచ్చింది. హెచ్చవేత సరిగ్గా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనని అప్పుడు నా నమ్మకం.

అంత సంఖ్య చేతిలో ఉంటే ఊరుకోలేం. ఆ ఉదయమే కట్ట మీద వాకింగ్‌కు వచ్చిన చెరువు కమిటీ పెద్దమనిషి, "ఏం మేడమ్, లెక్క తేలిందా?" అని అడిగితే, అమ్మాయికి చూపించకముందే చెప్పేశాను. చివరి నలభైతో సహా.

"డెబ్బై మూడు వేలా!" అన్నాడాయన. "అయితే ఫికర్ లేదు. ఈ మూల పూడ్చి వాకింగ్ ట్రాక్ ఏద్దామనుకుంటున్నం. ఇక్కడ పోతే ఏమాయె, చెరువు నిండ ఉన్నయి గద!"

వచ్చే ఆదివారం మీటింగులో నా లెక్క చూపించి తీర్మానం చేస్తామన్నాడు. చూపించే లెక్క నాదే కావడం నాకు కొంచెం గర్వంగానే ఉండిందని ఒప్పుకోవాలి.

ఆయన వెళ్లగానే ఇస్త్రీ ఆమె నీళ్లలోంచి లేచి వచ్చింది. అంతా విన్నట్టుంది.

"ఈ మూల పూడుస్తే మేమెక్కడ దిగాలమ్మా? అటు దిక్కు అన్ని గోడలే. ఆరు దినాలు ఇస్త్రీ పెట్టె ముంగట మాడుతం. గీ ఒక్క పూట నీళ్లల్ల నిలబడేటిది సుత పాయెనా?"

"కానీ చిప్పలు డెబ్బై మూడు వేలున్నయి," అన్నాను. అదేదో ఆమెకు జవాబైనట్టు.

"యాడున్నయి? నిరుడు గంటకు గంపెడు ఏరిన. ఇప్పుడు దోసెడు దొర్కుతలేవు. దొరికినయి సుత మస్తు ఇడిసిపెడుతున్నం."

"ఎందుకు?"

"దేవుని చిప్పలు గద."

"ఏ దేవుని చిప్పలు?"

ఆమె కట్ట చివరనున్న మైసమ్మ గుడి వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఎవ్వరో మొక్కుకోని, పసుపు కుంకుమ వెట్టి ఇడిసిన్రు. ఒక్క బొట్టుయి ఉన్నయి, రెండు బొట్లయి ఉన్నయి. మూడు బొట్లయి అయితే పెద్ద మొక్కన్నట్టు. కాలుకు తగిలితే దండం వెట్టి మళ్ల నీళ్లల్లనే ఇడుస్తం. ఎవ్వరు ముట్టరమ్మా."

"నా గోనె మీద రెండొచ్చినయి."

"అద్దాలు లేనోళ్లు ఎవ్వరో ఏరి ఉంటరు, పాపం." తర్వాత మెచ్చుకుంటున్నట్టు అంది, "ఎవ్వరు వెట్టిన్రో గని, ఒక్క బొట్టు సుత వంకర లేదు."

నా చేతిపనికి ఎవరైనా నోరారా ఇచ్చిన మెప్పు అదొక్కటే. తీసుకునే స్థితిలో లేను. గుర్తున్న చిప్పలన్నీ జనం వదిలేస్తే గుర్తు లేనివే గంపల్లోకి వస్తాయి, చెరువులో చిప్పలు లెక్కలేనన్ని ఉన్నట్టు తేలుతుంది. స్టోర్స్‌లో ఏ బోల్టుకూ ఎవరూ దండం పెట్టలేదు. ఆ సంగతి నా పద్ధతిలో లేదు.

ఆమెతో ఆ పూట నిజం చెప్పలేదు. ఇంటికొచ్చి చెల్లెలికి కూడా చెప్పలేదు. మంగళవారం తనే అడిగింది.

"రెండు దినాల సంది మెట్లు తుడుస్తలేవ్. ఏందీ పరేషాన్?"

చెప్పాను. చాలాసేపు నవ్వింది. కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. "నేను పేరంటం అన్ననా, లేదా?"

పై వాటా అమ్మాయి నవ్వలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. "మీటింగ్‌లో నేను చెప్తా ఆంటీ. పద్ధతిలో తేడా వచ్చిందంటే చాలు, మీ పేరెందుకు?" అంది. ఆ దారి చాలా బాగుంది. బుధ, గురు, శుక్రవారాలు ఆ దారి గురించే ఆలోచించాను. కానీ పద్ధతి ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసింది గడప డబ్బా, దాన్ని అటక మీద నుంచి దింపింది నేను.

ఆదివారం మీటింగు ఒక అపార్టుమెంటు సెల్లారులో, ప్లాస్టిక్ కుర్చీల్లో. పదిహేడు మంది. ఇస్త్రీ ఆమె, ఆడబిడ్డ గేటు దగ్గర నిలబడ్డారు. నేను లేచి, ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్నడూ అనని మాట అన్నాను. "నా లెక్క తప్పు. కొట్టెయ్యండి." ఎందుకో వివరిస్తూ, నమూనా చిప్పను సంచిలోంచి తీసి చూపించాను. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ దాన్ని చూడగానే అప్రయత్నంగా చేతులు జోడించింది. ఆ తర్వాత నేనేమీ వివరించాల్సిన అవసరం రాలేదు. పెద్దమనిషి కూడా నవ్వు ఆపుకోలేక, మళ్లీ ఎండాకాలం కొత్త లెక్క వచ్చేదాకా మూల జోలికి పోమన్నాడు.

గేటు దగ్గర ఇస్త్రీ ఆమె నా దారికి అడ్డం నిలబడింది.

"అంటే ఇన్ని దినాలు నేను మీ గడప రంగుకు దండం వెట్టిననా?"

"అవును."

"నా కోడలు నీళ్లోసుకోవాలని సుత మొక్కిన."

నమూనా చిప్పను సంచి అడుక్కి తోశాను. ఆమె ఆడబిడ్డ భుజం మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టాక ఊపిరి పీల్చుకున్నాను.

ఈ ఏడాది రంగు లేదు. చిప్ప అంచు మీద ఆకురాయితో చిన్న గాటు, వేలితో తడిమితే తప్ప తెలియదు. మళ్లీ రెండు వందల నలభై. పట్కారు కూడా వదిలేశాను. గంపల్లో ఐదు వందల పద్దెనిమిది చూస్తే ముప్పై తొమ్మిదింటికి గాటుంది. మూడు వేల నూట ఎనభై ఏడు పాయింట్ ఆరు తొమ్మిది.

"ఆ పాయింట్ ఆరు తొమ్మిది చిప్ప ఎక్కడుంది ఆంటీ?" అంది అమ్మాయి. వెతుకుతున్నానన్నాను.

ఈసారి అమ్మాయి చూశాకే లెక్క కమిటీకి వెళ్లింది. మూల పూడ్చరు, ట్రాక్ అటువైపు గోడ వెంట వేస్తారు. కానీ చిప్పలు ఇంత తక్కువున్నాయి కాబట్టి ఇంటికి ఆదివారానికి ఒక చిన్న గిన్నెడే, వేలెడు లేని పిల్ల చిప్పలు అసలే ఏరకూడదు. ఆ కబురు చెప్పాల్సింది కూడా నేనే. తీర్మానం అయిన తర్వాతి ఆదివారం చెరువు దగ్గర ఇస్త్రీ ఆమెకు చెప్పాను.

"తప్పు లెక్కనే మంచిగుండె," అంది ఆమె. "డెబ్బై మూడు వేలున్నప్పుడు నా గంపను ఎవ్వరు అడగలే."

"అప్పుడు మూల పోయేది."

"అవ్ తియ్యి." గంపలోంచి పెద్దవి గిన్నెలోకి ఏరి, చిన్నవి గోనె మీద ఒక పక్కకు నెట్టింది. "నేనైతే ఇడుస్త. నా ఎన్క వచ్చేటోళ్లు ఇడుస్తరా? మీ కాయితం సూశి ఎవ్వరాగుతరు?" ఒక పిల్ల చిప్పను వేళ్ల మధ్య తిప్పింది. "అమ్మా, మీ పసుపు డబ్బా ఉన్నదా ఇంక?"

"ఉన్నది," అన్నాను. "గని రంగు పూస్తే లెక్క పాడైతది."

"లెక్క అయిపోయింది గద?"

రిజిస్టరు తెరిచి చూశాను. అయిపోయింది. నేనే కింద గీత గీసి, సంతకం చేశాను.

"నువ్వు ఎవ్వరికన్న చెప్పినవా, అది గడప రంగని?"

"నాకేం పని? ఆ సెల్లార్లున్నోళ్లు చెరువుల దిగరు. దిగేటోళ్లకు ఎర్క లేదు."

ఆటోలో మారేడ్‌పల్లి పోయి వచ్చేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఆమె తడి గోనె కప్పి, కాపలా కూర్చుని ఉంది. పసుపు, ఎరుపు డబ్బాల మూతలు బిగుసుకుపోయాయి, ఆమె టిఫిన్ స్పూనుతో లేపాం. పిల్ల చిప్పలు ముప్పై ఒకటి. ఆమె తుడిచి అందిస్తుంటే నేను పూశాను. చుక్క ఒకటే పెడుతుంటే ఆమె ఊరుకోలేదు.

"మూడు వెట్టుండ్రి. పెద్ద మొక్కు అనుకుంటరు."

మూడు పెట్టాను. వరస తప్పలేదు.