పిలుపు లేనిదే లేవని చెయ్యి

నా తలకాయలో పెద్దగా సరుకు లేదని ఆరో తరగతిలోనే తేలిపోయింది. నేను బడి మానలేదు, బడే నన్ను మానుకుంది. అందుకే నంద్యాల బాక్సింగు సారు నన్ను చూడగానే ఎందుకంత ముచ్చటపడ్డాడో నాకు బాగా తెలుసు. లోపల పగిలే సామాను లేని తల ఆయనకు అన్నాళ్లకు దొరికింది.

ఆయన ఆళ్లగడ్డకు వచ్చింది ఆంజనేయుడి విగ్రహం కోసం. నేను శిల్పుల షెడ్లలో రాళ్లూ విగ్రహాలూ లారీలకెక్కించే ముఠాలో మనిషిని. క్రేన్లు వచ్చినా మా పని పోలేదు. షెడ్డు లోపలికి క్రేను దూరదు, మేం దూరతాం. ఆ ఆంజనేయుణ్ణి మేం బయటికి జరుపుతుంటే సారు నా భుజాల వంక చూసి, "ఏం తింటావప్పా నువ్వు?" అన్నాడు.

"ఎవురూ చూడకపోతే రెండింతలు తింటా సార్," అన్నాను.

అట్లా మొదలైంది. పని దిగగానే బస్సెక్కి నంద్యాల పోయేవాణ్ణి. సారు రెండు చేతులకూ ప్యాడ్లు తొడుక్కొని "ఊ" అనేవాడు. ఆయన "ఊ" అంటే నేను కొట్టేవాణ్ణి. ప్యాడు వెనకాల ఆయన భుజం కీలు కదిలేది, నొప్పితో పళ్లు కొరుక్కుంటూనే మెచ్చుకునేవాడు. ఇక హెవీవెయిట్ బెల్టు కోసం చాంపియన్‌తో తలపడే అర్హత నాకెట్లా వచ్చిందంటే, అంత బరువున్న మనుషులు మా వైపు తక్కువ. ఉన్నవాళ్లలో ఒకడు పోటీకి రాలేదు. ఇంకొకడు వచ్చి, నన్ను చూసి, బండి తిప్పుకొని పోయాడు.

నాకు బెల్టు మీద మోజేమీ లేదు. నాకు కావలసింది పిలుపు.

మా ముఠాలో మేస్త్రి "కదలాలప్పా..." అని సాగదీస్తాడు. "హైలెస్సా!" అని అందరం ఒక్కసారి బలం పెడతాం. పిలుపుకంటే ముందు బలం పెట్టినవాడు పక్కవాడి చెయ్యి రాయి కింద పెట్టినట్టే. మా మేస్త్రికి ఎడమ చేతికి రెండు వేళ్లు లేనిది ఎవడో అట్లా తొందరపడినందుకే. ఆ రోజు నేను అదే రాయికి ఇంకో మూలన ఉన్నాను. వేళ్లు నలిగితే చెరకుగడ విరిచిన చప్పుడు వస్తుంది. అది విన్నాక పిలుపు చెవిన పడందే నా ఒంట్లోంచి బలం బయటికి రావడం మానేసింది.

రాతి దుమ్ముకు మేస్త్రి గొంతు పోతూ వచ్చింది. ఆయన తర్వాత పిలుపు ఎవరిదన్న మాట లేచింది. నేనిస్తానన్నాను. ముఠా అంతా పకపకా నవ్వింది. "నువ్వు పిలుపిస్తే నవ్వొచ్చి రాయి ఇడిసిపెడతాం రా, కాళ్లు పోతాయి," అన్నారు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. "బెల్టు గెల్సుకోని రాప్పా. అప్పుడెవురు నవ్వుతారో నేనూ చూస్తా. పిలుపు నీకే ఇస్తా," అన్నాడు.

నంద్యాలలో ఒక కాలేజీ మైదానంలో సాయంత్రం రింగు కట్టారు. మా ముఠా మొత్తం పని ఆపుకొని ఆటోల్లో వచ్చి తాళ్ల పక్కనే కూర్చుంది. చాంపియన్ నంద్యాలవాడే. నాకన్నా సన్నం. కాళ్లు మాత్రం కాలే పెనం మీద ఉన్నట్టు నిలవవు.

గంట మోగింది. నేను చేతులెత్తి నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. వాడి ఎడమ పిడికిలి నా ముక్కు మీద పడింది, మళ్లీ పడింది, మూడోసారికి ముక్కు లోపల ఏదో కటుక్కుమని వెచ్చటిది గొంతులోకి దిగింది. మింగాను. ఉప్పగా ఉంది. డొక్కలో ఒకటి దిగింది, ఊపిరి సగంలో ఆగిపోయింది. కొట్టాలని నాకు తెలుసు. భుజం బిగుసుకుంటోంది, మోచెయ్యి కదలదు. మూలనుంచి సారు "ఊ, ఊ" అని గొంతు చించుకుంటూనే ఉన్నాడట. మైకులో వ్యాఖ్యానం చెప్పేవాడి హోరులో అది నా దాకా రాలేదు. మా ముఠా నోళ్లు తెరుచుకొని గమ్మున చూస్తోంది. ఆ రౌండులో నా చేతులు చేసిన పని నా మొహం తుడుచుకోవడమే.

స్టూలు మీద కూలబడ్డాక సారు నా ముక్కులో దూది కుక్కుతూ, "చేతులు యాడ పెట్టొచ్చినావప్పా?" అన్నాడు.

"ఈడనే ఉండాయి సార్. పిలిస్తే గానీ రావు," అన్నాను.

తాళ్ల అవతల కూర్చున్న మేస్త్రి ఆ మాట విన్నాడు.

రెండో రౌండు మొదలవగానే ఆ బొంగురు గొంతు లేచింది. "కదలాలప్పా..." ముఠా అంతా మైకును మింగేసేట్టు "హైలెస్సా!" అంది. నా కుడిచెయ్యి దానంతటదే పోయింది. చాంపియన్ దవడ మీద దిగింది. వాడి నోట్లోని కవచం ఎగిరి రింగు అవతల పడింది, వాడు మోకాళ్ల మీద కూలాడు. రెఫరీ వేళ్లు చూపించి లెక్కపెడుతుంటే వాడి పెదవి నుంచి నెత్తురు దారంలా సాగుతోంది. ఆ క్షణం బెల్టూ పిలుపూ రెండూ నావే.

వాడు లేచాడు. బుర్ర ఉన్నవాడు కాబట్టి లేచేలోపే ఆలోచించాడు.

మళ్లీ "కదలాలప్పా..." అనగానే వాడు కాళ్లు సర్దుకున్నాడు. "హైలెస్సా!" అనేసరికి వంగాడు. నా దెబ్బ గాలికి పోయింది, వాడి పిడికిలి కింద నుంచి వచ్చి నా గడ్డానికి తగిలింది. పెదవి తెగింది. ఇంకో పిలుపు, ఇంకో గాలి దెబ్బ, ఈసారి నా ఎడమ కంటి పైన చర్మం చీలింది. ఆపమని అరుద్దామంటే నోటి నిండా కవచమూ నెత్తురూ. చెవులు మూసుకుందామంటే చేతులకు గ్లౌజులు. మా వాళ్లు నా మీది ప్రేమతో ఇంకా గట్టిగా అరిచారు.

మూడో రౌండుకు నంద్యాల జనం కూడా పిలుపు నేర్చుకున్నారు. మైదానమంతా "కదలాలప్పా" అంటోంది, నవ్వుతోంది. వాళ్లు "హైలెస్సా" అన్నప్పుడల్లా నేను గాలిని గుద్దుతున్నాను, వాడు నన్ను గుద్దుతున్నాడు. కంట్లోకి నెత్తురు దిగి వాడు ఎర్రగా ఇద్దరిలా కనిపించాడు. డొక్కలో ఒకటి, చెవి మీద ఒకటి, కాలేయం మీద పడినది చివరిది. కాళ్లు నన్నడక్కుండానే మడత పడ్డాయి. మొహం రింగు గుడ్డకు ఆనుకొని ఉంటే తాళ్ల అవతల బల్లల మధ్య ఎవడో వదిలేసిన చెప్పు కనిపించింది. ఇంత తీరుబాటుగా దాన్ని చూస్తున్నానంటే ఆట అయిపోయినట్టేనని నాకప్పుడు అర్థమైంది. రెఫరీ చేతులు ఊపేశాడు.

చాంపియన్ నన్ను కౌగిలించుకొని చెవిలో అన్నాడు: "అన్నా, మళ్లీసారి కూడా మీవోళ్లను తోడుకోని రా."

తిరుగు ఆటోలో నేనొక జోకు వేద్దామనుకున్నాను గానీ పెదవి కుట్లు ఒప్పుకోలేదు.

కన్ను కాస్త తెరుచుకున్నాక పనికి పోయాను. షెడ్డులో ఒక నల్ల నంది బయటికి కదలాలి. అందరం చేతులు పెట్టాం. ఎవరూ నా వైపు చూడలేదు. మేస్త్రి దగ్గి, కఫం ఉమ్మి, మిగిలిన మూడు వేళ్లూ నంది గంగడోలు కింద ఆనించి, ఉన్న కాస్త గొంతుతో "కదలాలప్పా..." అన్నాడు. విరిగిన డొక్కతో "హైలెస్సా" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. నంది లారీ ఎక్కింది.

నీళ్లు తాగేటప్పుడు ఇక ఆగలేకపోయాను. "మేస్త్రీ, మీరంతా ఆ పొద్దు గమ్మునుండింటే బెల్టూ నాదే, పిలుపూ నాదే," అన్నాను.

మేస్త్రి చెంబు దించి నా మొహం మీది కుట్లన్నీ తీరిగ్గా చూశాడు.

"మొదటి రౌండు గమ్మునే ఉంటిమి కదప్పా. అప్పుడేం పీకితివి?"