నాలుగు పేజీల రాజీనామా

మొన్న కోరుట్ల నుంచి నాకొక పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, రంగుల అట్ట, అట్ట మీద చేయి పైకెత్తి నిలబడ్డ మా బావ, ఆయన చొక్కా జేబులో ఒక పాత పెన్ను. శాసనసభలో ఆయన గడిపిన కాలాన్ని తలచుకుంటూ అభిమానులు వేసిన సంచిక అట. అభిమానం మంచిదే, కాదనను. కానీ నడిమి పేజీల్లో, చుట్టూ పూల అంచు గీసి, "చరిత్రాత్మక రాజీనామా లేఖ" అని పెద్ద అక్షరాలతో అచ్చేసిన ఆ నాలుగు పేజీలు చూసేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ లేఖలో ప్రతి అక్షరం నేను రాసిందే, అది రాజీనామా కాదన్న సంగతి అందరికంటే ఎక్కువ తెలిసినవాణ్ని కూడా నేనే. పుస్తకంతో పాటు ఒక పిలుపు కూడా ఉంది. జగిత్యాలలో సభ పెడుతున్నారట, ఆ లేఖ రాసినందుకు నేను వచ్చి శాలువా కప్పించుకోవాలట.

నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది. నేను సిరిసిల్లలో నాలుగో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాణ్ని. ఆ రోజుల్లో మా దగ్గర అందరూ నేస్తుంటే ఒకరు కూర్చుని పేపరు పైకి చదివి వినిపించే అలవాటు ఉండేది, ఎట్లాగో ఆ వంతు నాకు పడి, నాకే స్థిరపడిపోయింది. మగ్గాల చప్పుడును మించి చదవాలి కాబట్టి గొంతు పెరిగింది, తెలియని మాట వస్తే అర్థం చెప్పేదాకా వదలని పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి నిఘంటువు కొనక తప్పలేదు. చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాక ఆ మోతలో చదువు సాగక, షెడ్డు ముందు చాయ్ కొట్టు దగ్గరికి మారాం. ఏ దరఖాస్తు రాయాలన్నా నన్నే పిలిచేవారు. అక్షరాలు వచ్చినవాడినన్న గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది, దాచుకోను.

మా అక్కను కోరుట్లకు ఇచ్చారు. బావ తొలి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నాటికి జగిత్యాలలో చదువుకునేవాడు, అప్పుడు తగిలిన లాఠీ దెబ్బకు ఆయన ఎడమ మోచేయి ఇప్పటికీ తిన్నగా రాదు. ఆ దెబ్బ నిజం, దాన్ని నేనెన్నడూ తక్కువ చేయలేదు. తర్వాత సర్పంచి అయ్యాడు, ఆ తర్వాత ఎమ్మెల్యే. శాసనసభలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న మరమగ్గాల కరెంటు గురించి, అది రాసింది నేను. అప్పటి నుంచి ఆయన ప్రసంగాలన్నీ సిరిసిల్ల నుంచి కోరుట్లకు బస్సులో, నా చొక్కా జేబులో వెళ్లేవి.

మలి ఉద్యమంలో ఎమ్మెల్యేలంతా రాజీనామా చేయాలని జనం పట్టుబట్టారు. కనబడ్డవాణ్ని కనబడ్డచోటే నిలదీస్తున్నారు. బావ నన్ను పిలిపించి, జనం కండ్లల్ల నీళ్లు తిరిగేటట్టు రాయమన్నాడు. మూడు రోజులు కూర్చున్నాను. నీళ్లు, కొలువులు, ఆత్మహత్య చేసుకున్న నేతన్నలు, దేన్నీ వదల్లేదు. నాలుగు పేజీలు తీసుకుని జగిత్యాలలో, తాలూకా కచేరీ ముందు టైపు మిషన్ పెట్టుకుని కూర్చునే చాచా దగ్గరికి వెళ్లాను. అందరికీ ఆయన చాచాయే. ఆయన మొత్తం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బహుత్ ఖూబ్ రాసినవ్ భాయ్. కని గిది రాజీనామా కాదు, స్పీచు. కారణాలు, షరతులు రాస్తే వాపస్ పంపుతరు. రాజీనామా చేస్తున్న, మంజూర్ చెయ్యుండ్రి అని రెండు లైన్లు చాలు, స్పీకర్ ఫార్మాట్ అంటరు దాన్ని."

"చాచా, నువ్వు టైపు కొట్టు. రాసుడు నాకిడిసిపెట్టు," అన్నాను.

ఆ ఒక్క మాటను ఈ రోజు వరకు మింగలేకపోయాను.

కోరుట్ల సభలో బావ ఆ లేఖ చదువుతుంటే ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. యువకులు ఆయనను భుజాల మీద ఎత్తుకున్నారు. నేను అదే ఊపులో సిరిసిల్లకు వచ్చి, మా బావ కుర్చీ వదిలాడు, మనం మగ్గాలు బందు పెట్టాలని చాయ్ కొట్టు దగ్గర నిలబడి చెప్పాను. నా మాట మీద షెడ్లు ఆగిపోయాయి. కొద్ది రోజులకే పేపర్లో, నేనే పైకి చదవాల్సిన పేపర్లో, ఆ రాజీనామా నమూనా ప్రకారం లేనందున చెల్లదని వచ్చింది. నిరసనగా రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. నూలు కండెలు చుట్టే ఒక ముసలమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ నా ముఖం చూడకుండానే అంది:

"మా మగ్గాలు బందువెట్టిస్తివి పెద్దమనిషీ. మీ బావ కుర్సీ ఎన్నడు బందువెడ్తడో గది గుడ చదువు మరి."

అక్కడి నుంచి నేరుగా చాచా దగ్గరికి పోయాను. ఆయన ఒక్క దెప్పుమాట అనకుండా రెండు లైన్లు కొట్టి ఇచ్చాడు. కోరుట్లలో బావ ముందు పెడితే నవ్వాడు. "గా ఫార్మాట్ సంగతి నాకెర్క లేదనుకున్నవా, బామ్మర్దీ? అందుకే గద నీతోని రాయించిన." వంటింటి గడపలో నిలబడ్డ అక్క ఒక్క ముక్కే అంది: "నీ నాటకానికి మా తమ్మున్నే దొర్కవట్టుకున్నవా?"

ఆ వారమే జగిత్యాలలో సభ. బావ ప్రసంగం కాగానే పిలవకుండా వేదిక ఎక్కి మైకు అందుకున్నాను. మొన్న చదివింది చెల్లని కాగితమని, దాన్ని రాసిన తప్పు నాదేనని చెప్పి, చాచా కొట్టిచ్చిన రెండు లైన్లు చదివాను. నా పెన్ను తీసి ఆయన చేతికిచ్చి, "సంతకం వెట్టు బావా" అన్నాను. ఆయన పెన్ను వంక చూశాడు, నా వంక చూశాడు, పెన్ను తన జేబులో పెట్టుకుని నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. "మా బామ్మర్దికి నా మీద పావురం, ప్రేమ ఎక్కువ," అన్నాడు మైకులో. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఎవరో నన్ను మెల్లగా మెట్లు దింపారు.

ఆయన గడువు తీరేదాకా శాసనసభలోనే ఉన్నాడు. రాష్ట్రం వచ్చాక ఉద్యమ వీరుడని దండలు పడ్డాయి. ఆ ఇంటి గడప నాకు మూసుకుపోయింది కానీ, రాఖీ పున్నమికి మా అక్క మాత్రం ఎవరినీ అడగకుండా బస్సెక్కి, వేములవాడలో దిగి మరో బస్సు పట్టుకుని, ఏటేటా వచ్చి నా చేతికి దారం కట్టింది. చాయ్ కొట్టు దగ్గర మాత్రం కొన్నాళ్లు పేపరు వేరేవాళ్లు చదివారు. చివరికి ఆ ముసలమ్మే దాన్ని నా ఒళ్లో పడేసింది: "చదువు. కని నీ సొంతం కలుపకు."

నిన్న అక్క ఫోన్ చేసింది.

"అస్తవా తమ్మీ?"

"అస్త. శాలువా వద్దు, నా పెన్ను నాకిప్పియ్యి."

"ఇంకా ఆ పెన్నేనా! ఇంకు ఎండిపోయి ఎన్నేండ్లాయె," అని నవ్వింది. మళ్లీ తనే, "రారా," అంది.

ఇప్పుడు నాయకుడు కనబడితే జనం దారికి అడ్డం పడి అడగడం లేదు, పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు. చాయ్ కొట్టు దగ్గర ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటున్నారు, పేపరు పైకి చదవమనేవాళ్లు లేరు. చాచా పోయాడు, ఆ మిషన్ ఏమైందో తెలియదు. ఆయన కొట్టిచ్చిన కాగితం మడతల దగ్గర చిరుగుతున్నా నా పెట్టెలో ఉంది, సంతకం చోటు ఖాళీగా. దాన్ని జేబులో పెట్టుకుని జగిత్యాలకు పోతాను. మైకు ఇస్తే మైకులో, ఇవ్వకపోతే మగ్గాల మోతను మించిన ఈ గొంతుతో, ఆ రెండు లైన్లు చదువుతాను. సొంతం కలపకుండా.