బాపు చెవి డబ్బా

నా చిన్నప్పుడు మేము నందికొండలో, ఆనకట్ట పనికి వచ్చిన కూలీల గుడిసెల్లో ఉండేవాళ్లం. మా బాపు క్వారీలో రాయి కొట్టేవాడు. అంతకుముందు దేవరకొండ దిక్కున గొర్రెలు కాసేవాడట. వరుసగా రెండేళ్లు వానలు లేక మంద కరిగిపోతే, అమ్మను, నన్ను వెంటబెట్టుకొని అక్కడికి చేరాడు.

ఒక చలికాలం బాపుకు జ్వరం వచ్చింది. జ్వరం దిగింది గాని, దానితోపాటే వినికిడీ పోయింది. దగ్గరికి వెళ్లి గట్టిగా అరిస్తే కొంచెం వినిపించేది. క్వారీలో రాయిని పగలగొట్టే మందు తోటా పేల్చే ముందు సీటీ ఊదుతారు, అది విని అందరూ దూరంగా పరుగెత్తాలి. చెవులు వినపడని మనిషిని పనిలోకి రానివ్వనని మేస్త్రీ చెప్పేశాడు. అందులో అతని తప్పేమీ లేదు.

పక్కింటి మామ మోటార్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. చుట్టం కాదు, వరస కలుపుకున్నాం. పని లేని పూట పాత రేడియోల సామాను ముందేసుకొని ఏదో ఒకటి అతికిస్తూ కూర్చోవడం ఆయన సరదా. ఆయనే బాపు కోసం సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి చేశాడు. ఒక దిక్కు మాటను పట్టే చిన్న బిళ్ల, ఇంకో దిక్కు చెవిలో పెట్టుకునే తీగ. లోపల బఠానీ గింజంత ట్రాన్సిస్టర్లు మూడు. చిన్న చప్పుడును పెద్దది చేసేవి అవేనని మామ చెప్పాడు. అది పెట్టుకున్న మొదటి పూట బాపు పొయ్యి మీద ఆవాలు చిటపటలాడడం విని నవ్వాడు. మేస్త్రీ పరీక్ష చేసి మళ్లీ పనిలోకి రమ్మన్నాడు.

రెండు నెలలు గడిచాయి. వైశాఖంలో రాతి మీద కాలు పెట్టలేని ఎండలు. ఒకరోజు డబ్బా మూగబోయింది. మామ విప్పి చూశాడు. బిళ్లను ఆనుకొని ఉన్న మొదటి గింజ వేడికి చెడిపోయిందన్నాడు. అలాంటిదే తెమ్మని పట్నం వెళ్లే లారీ డ్రైవరుకు చెబితే, అది ఎక్కడా దొరకలేదని అతను వట్టి చేతులతో వచ్చాడు. సోమవారం దాకా చూస్తానన్నాడు మేస్త్రీ.

మామ దగ్గర వేరే రకాలు మూడు ఉన్నాయి. అన్నిటికీ మూడేసి కాళ్లే కదా, ఏదో ఒకటి పెడితే పోదా అనుకున్నాను నేను. మొదటిది పెడితే చప్పుడు బాగా పెద్దదైంది, కానీ దాని బుసే మాటలను మింగేసింది. బాపు ముఖం చిట్లించి తీగ పీకేశాడు. రెండోది పెద్ద స్పీకర్లను మోగించే రకం. బ్యాటరీని పూటలో తాగేసింది గాని, మెల్లగా అన్న మాటను పట్టుకోలేదు. మూడోదానికి గోల లేదు, బలమూ తక్కువే. అయినా దానితో బాపు, గుడిసె లోపలి నుంచి అమ్మ అన్న మాటకు బయట కూర్చొనే జవాబిచ్చాడు. నేను గంతులు వేశాను. ఇక సరిపోతుందిలే అంది అమ్మ.

మామ ఒప్పుకోలేదు. సీటీ ఒకటి తెచ్చాడు. బాపును అటు తిరిగి నిలబడమని, వినపడితే చెయ్యి ఎత్తమని చెప్పి, వంద అడుగులు దూరం నడిచి ఊదాడు. నేను బాపుకు ఎదురుగా ఉన్నాను. బాపు చెయ్యి కదల్లేదు, కళ్లు మాత్రం నా ముఖం మీదే ఉన్నాయి. నేను కనుబొమ్మలు ఎగరేశాను. చెయ్యి లేచింది. రెండోసారీ అంతే.

మామ వెనక్కి వచ్చాడు. నా భుజాలు పట్టి బాపు పక్కకు తెచ్చి నిలబెట్టాడు.

"గిట్ల కొండ దిక్కు చూడు బిడ్డా" అన్నాడు.

మళ్లీ సీటీ మోగింది. ఇంకోసారి మోగింది. బాపు చెయ్యి ఎత్తడానికి సిద్ధంగా, ఇంకా ఊదలేదనుకొని ఎదురుచూస్తూ నిలబడే ఉన్నాడు. నేను కొండను చూస్తూ ఉండిపోయాను.

మామ బాపు ఎదుటికి వచ్చి, ముఖంలోకి చూస్తూ గట్టిగా చెప్పాడు. "బావా, ఇంట్ల మాటకు ఇది సరిపోతది. సీటీకి సరిపోదు. కీచుమనే సన్నటి చప్పుడు దీనికి అందుతలేదు. నేను చేసిన డబ్బాను నమ్ముకొని నువ్వు తోటాల కాడికి పోవద్దు."

బాపు చాలాసేపు డబ్బాను అరచేతిలో తిప్పి చూశాడు. "మరి ఇంక ఏం చెయ్యాలె?" అన్నాడు.

"నాకు తెల్వది బావా."

సోమవారం బాపు పనికి వెళ్లలేదు. అమ్మ కంకర మోయడానికి వెళ్లింది. వానలు పడ్డాక మేము ఊరికి తిరిగి వెళ్లాం. బాపు పరాయివాళ్ల గొర్రెలు కాశాడు. సరైన గింజ ఎప్పుడూ రాలేదు. బయలుదేరే రోజు మామ బస్సు దాకా వచ్చి మూటలు ఎక్కించాడు. ఆయన మీద కోపంతో నేను ఒక్క మాటైనా మాట్లాడలేదు. నా కనుబొమ్మలతో బాపును ఎక్కడికి పంపబోయానో తెలిసేసరికి నాకు పిల్లలు పుట్టారు.

తర్వాత చాలా ఏళ్లు నేను దవాఖానలో మందులిచ్చే పని చేశాను. చీటీలో రాసిన మందు లేనప్పుడు, ఇది కూడా అలాంటిదే, సరిపోతుంది అని ఎవరైనా అంటే, దేనికి సరిపోతుంది అని అడగకుండా ఇచ్చేదాన్ని కాదు. ఒక్కోసారి ఉన్నదేదీ ఆ జబ్బుకు సరిపోయేది కాదు. అప్పుడు మందు కోసం వచ్చిన మనిషి ముఖంలోకి చూసి, నా దగ్గర లేదు, ఏం చేయాలో నాకు తెలియదు అని చెప్పాల్సి వచ్చేది. అదీ మామ దగ్గర నేర్చుకున్నదే. ఇప్పటికీ ఆ మాట నా నోట తేలిగ్గా రాదు.