మాట అక్కర్లేని కొలువు

మేఘకు అన్నిటికంటే కష్టమైన మాట తన పేరే. పెదవులు రెండూ కలిసి విడిపోవలసిన అక్షరం వచ్చిందంటే చాలు, కలిసేవి గాని విడిపోయేవి కావు. మాట లోపల సిద్ధంగానే ఉండేది. గొంతు దాకా వచ్చి అక్కడ నిలబడిపోయేది. ఎదుటివాళ్ళకు కనిపించేది మాత్రం బిగుసుకున్న మూతి, మూతపడిపోతున్న కళ్ళు, మెడ మీద తేలిన నరం.

మూడు తరాలుగా రాయచూరులోనే ఉంటున్న తెలుగువాళ్ళ ఇల్లు వాళ్ళది. నాయన శివరాజ్ బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. లారీ కాటా మీదికి ఎక్కగానే బరువు చూసి, మిల్లు హోరును దాటి వినపడేలా కేకపెట్టి చెప్పాలి. ఆయన గొంతు గేటు దాకా వినిపిస్తుంది. అలాంటి మనిషి కడుపున మాట పెగలని పిల్ల పుట్టిందని చుట్టాలు ఆశ్చర్యపోయేవాళ్ళు. నానమ్మ కృష్ణాబాయి వస కొమ్ము అరగదీసి తేనెలో కలిపి ఏడాది పాటు పిల్ల నాలుకకు రాసింది. దర్గాకు తీసుకెళ్ళి తావీజు కట్టించింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో ఉర్దూ, ఇన్ని భాషలు ఒక్కసారిగా మీద పడటంతో పిల్ల తికమకపడుతోందని ఒక డాక్టరు చెప్పాడు. ఆ మాట నమ్మి తల్లి సౌభాగ్య ఆమెను కొన్నాళ్ళు వీధిలోకి పంపడమే మానేసింది.

నిజానికి ఆ మూడు భాషలే మేఘను కాపాడుతూ వచ్చాయి. పాలు అనే మాట పెదవుల దగ్గర ఆగిపోయేలా ఉందని ముందే పసిగట్టి దూద్ అనేది. బియ్యం రాకపోతే అక్కి అనేది. రాయచూరులో అందరూ అలా కలిపే మాట్లాడతారు కాబట్టి ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఒక వాక్యం మొదలుపెట్టే ముందే అందులో ఎక్కడెక్కడ గుంటలున్నాయో చూసుకుని, పక్క భాషలోకి దిగి, మళ్ళీ దారి మీదికి వచ్చేది. చిన్నతనంలోనే ఆ పనిలో ఆరితేరింది. పేరుకు మాత్రం పక్కదారి లేదు. ఏ భాషలోనైనా మేఘ మేఘే.

బడిలో హాజరు పిలిచినప్పుడు చెయ్యి ఎత్తి ఊరుకునేది. ఏడో తరగతిలో కొత్తగా వచ్చిన టీచరు అలా కుదరదంది. లేచి నిలబడి పేరు చెప్పమంది. మేఘ నిలబడింది. క్లాసంతా ఎదురుచూసింది. మొదట ఎవరూ నవ్వలేదు. కాసేపటికి వెనక బెంచీలో ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు నవ్వారు. చివరికి టీచరే జాలిపడి, "మేఘ, అంతే కదా, కూర్చో" అంది. మేఘకు నవ్వినవాళ్ళ కంటే ఇలా జాలిపడి తన మాట పూర్తిచేసేవాళ్ళంటేనే ఎక్కువ భయం. నవ్వినవాళ్ళను మరిచిపోవచ్చు. వీళ్ళు మాత్రం నోట్లో ఉన్న మాటను చేత్తో లాక్కుపోయినట్టు ఉండేది. అది ఒక్కోసారి ఆమె చెప్పదలచుకున్న మాట కూడా కాదు. అయినా తల ఊపేసేది.

ఎనిమిదో తరగతిలో లోకనాథ్ సారు పిల్లలను మొదటిసారి కంప్యూటర్ గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఎనిమిది కంప్యూటర్లుంటే పనిచేసేవి మూడే. ఆయన బోర్డు మీద ఆరు వరుసల ప్రోగ్రాం రాసి, దాన్ని అలాగే ఎక్కించమన్నాడు. ఎక్కించాక తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. నీ పేరేమిటి అని. దాని పక్కన చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. మేఘ వేళ్ళు అలవాటు కొద్దీ బిగుసుకున్నాయి. గీత వెలుగుతూనే ఉంది. తొందర పెట్టలేదు. ఆమె మూతి వైపు చూడలేదు. మాట అందించడానికి ముందుకు రాలేదు. మేఘ ఒక్కొక్క అక్షరమే నొక్కింది. నమస్కారం మేఘ అని తెర మీద పడింది.

ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ, బతికితే ఈ పని చేసే బతకాలని ఆమె నిర్ణయించుకుంది. పదమూడేళ్ళ పిల్ల నిర్ణయం. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి కదా. తర్వాత ఎవరైనా సాఫ్ట్‌వేర్ ఎందుకని అడిగితే, ఎవరికి తోచిన కారణాన్ని వాళ్ళకే వదిలేసేది. జీతం కోసమని నాయన అనుకున్నాడు. చల్లని గదిలో కూర్చునే పని కాబట్టి అని తల్లి అనుకుంది. అందరూ అందులోకే పోతున్నారు గనుక ఇదీ పోతోందని నానమ్మ అనుకుంది. మేఘ అందరికీ తల ఊపింది.

ఊళ్ళోనే ఇంజనీరింగ్‌లో చేరింది. అక్కడ తనూజ పక్కన కూర్చునేది. తనూజ వాళ్ళు సిరవార దగ్గర కాలువ కింద వరి పండించే ఆంధ్ర రైతులు. ఆ అమ్మాయి గలగలా మాట్లాడుతుంది, మేఘ మాట పూర్తయ్యే దాకా ఆగుతుంది కూడా. ఆఖరి ఏడాది ఇద్దరూ కలిసి మార్కెట్ మండీలో పత్తి అమ్మడానికి వచ్చే రైతుల వరుసను నడిపే ప్రాజెక్టు చేశారు. అందులో కోడ్ మొత్తం మేఘది. సెమినార్ రోజు పొద్దున తనూజ మేఘ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రాశావుగా, నేను చెప్తాను. ఇద్దరం పాసవుదాం, ఏమంటావ్?"

తనూజ చాలా బాగా చెప్పింది. క్యాంపస్‌కు వచ్చిన కంపెనీ ఇంటర్వ్యూలో కూడా ఆ ప్రాజెక్టు గురించే చెప్పి ఉద్యోగం తెచ్చుకుంది. అదే కంపెనీ రాత పరీక్షలో మొదట వచ్చింది మేఘ. ఇంటర్వ్యూ కంప్యూటర్ తెర మీద జరిగింది. అవతల పెద్దమనిషి మీ గురించి చెప్పండని ఇంగ్లీషులో అడిగాడు. ఇంగ్లీషులో మేఘకు పక్కదారులు తక్కువ. కన్నడంలోకి దిగే వీలు లేదు, ఉర్దూలోకి పోయే వీలు లేదు. మై నేమ్ అనే రెండు మాటల్లో మొదటిదే ఆగిపోయింది. ఆయన మంచివాడే. తెర మీద ఆమె ముఖం కదలకుండా నిలిచిపోయేసరికి నెట్ ఆగిపోయిందనుకున్నాడు. మీ బొమ్మ నిలిచిపోయింది, వీడియో ఆపి మళ్ళీ ప్రయత్నించండి అన్నాడు. ఆమె వీడియో ఆపింది. రెండోసారి కూడా గొంతు రాకపోయేసరికి, లైన్ బాగాలేదు, మళ్ళీ కబురు చేస్తామని ఆయన ముగించాడు. నెట్ బాగానే ఉందని చెప్పడానికి మేఘ ఇంకా ప్రయత్నిస్తూనే ఉంది.

తనూజ మిఠాయి తెచ్చిన రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేఘ ఆమె భుజం తట్టింది. ఆ తర్వాత అలాంటివి ఇంకో పదమూడు ఇంటర్వ్యూలు జరిగాయి.

పదిహేనోది కలిసొచ్చింది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ. రాత పరీక్ష పెట్టి, ఇంటికి పని ఇచ్చి, ఆ పని చూసి తీసుకున్నారు. టీమ్ నడిపే కార్తిక్ మొదటి వారమే సంగతి గ్రహించాడు. రోజూ పొద్దున జరిగే మీటింగులో ఎవరేం చేశారో ఒక్కొక్కరే చెప్పాలి. నువ్వు రాసి పంపితే చాలని ఆమెకు చెప్పాడు. మేఘ రాసి పంపేది, ఆయన చదివేవాడు. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఆమె రాసిన కోడ్‌లో తప్పులు వెతకడం దండగని ఆఫీసులో పేరొచ్చింది. హాస్టల్లో కిటికీ పక్క మంచం దొరికింది. ఎనిమిదో తరగతిలో అనుకున్నది నిజంగా జరిగిందని రెండున్నరేళ్ళ పాటు ఆమె నమ్మింది.

మూడో ఏడు కోడ్ రాసే పనిని కంప్యూటర్‌కే అప్పగించడం మొదలైంది. ఏం కావాలో చెబితే అదే రాసిపెడుతోంది. మేఘకు రెండు రోజులు పట్టే పని టీ తాగి వచ్చేలోపు అవుతోంది. మొదట్లో ఆమె కూడా సంతోషంగానే వాడింది. దానికి కూడా రాసి చెబితే చాలు కదా. తర్వాత టీమ్‌లో పదకొండు మంది నలుగురయ్యారు. ఒక మధ్యాహ్నం కార్తిక్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. చాలా నెమ్మదిగా, కన్నడంలో చెప్పాడు. కోడ్ రాసే మనిషి కోసం కంపెనీ ఇక చూడటం లేదట. క్లయింటుతో కూర్చుని, వాళ్ళకేం కావాలో అడిగి, నచ్చజెప్పి, పని ఒప్పించుకునే మనుషులే కావాలట. నీ పనిలో వంక లేదు, నెల రోజులు కాల్స్ చేసి చూడు, నేను పక్కనే ఉంటానన్నాడు.

ఆయన పక్కనే ఉన్నాడు. మొదటి కాల్‌లో ఆమె ఆగిన చోటల్లా అందుకున్నాడు. మూడో కాల్‌కు ఆమె నోరు తెరవకముందే అందుకోవడం మొదలుపెట్టాడు. ఏడో కాల్‌లో అవతలి మనిషి, ఇంకా ఎవరైనా లైన్‌లో ఉన్నారా అని అడిగాడు. లేరని కార్తిక్ చెప్పాడు. చెప్పాక మేఘ వైపు చూసి తల దించుకున్నాడు. నెలాఖరుకు ఆమెను పనిలోంచి తీసేసే కాగితాలు సిద్ధమయ్యాయి.

రాయచూరుకు తిరిగొచ్చి ఏడాదిన్నర అవుతోంది. మొదట్లో రోజూ దరఖాస్తులు పంపేది. ఇప్పుడు మొదటి ఇంటర్వ్యూ కూడా మనిషి చేయడం లేదు. తెర మీద ఒక బొమ్మ ముఖం ప్రశ్న అడుగుతుంది, జవాబు నోటితోనే చెప్పాలి, ఒక్కో ప్రశ్నకు తొంభై సెకన్లు. మూలన అంకెలు తగ్గుతూ పోతాయి. పోయిన వేసవిలో ఒక కంపెనీ నుంచి అలాంటి పిలుపు వచ్చింది. అడిగిన మూడో ప్రశ్న, మీరు సాఫ్ట్‌వేర్ రంగాన్ని ఎందుకు ఎంచుకున్నారు అని.

అందరూ చెప్పే జవాబు ఆమెకూ కంఠతా వచ్చు. సవాళ్ళంటే ఇష్టమని, కొత్తవి నేర్చుకోవాలని ఉందని. కాని ఆ రోజు ఎందుకో నిజం చెప్పాలనిపించింది. అడిగేది మనిషి కాదన్న ధైర్యమేమో. మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి అనే దాకా వచ్చింది. కంప్యూటర్ గది అనే దాకా వచ్చింది. అక్కడ గొంతు బిగుసుకుంది. అంకెలు తగ్గుతున్నాయి. తెర మీది ముఖం చిరునవ్వుతోనే ఉంది. సున్నా కాగానే, ధన్యవాదాలు అని తర్వాతి ప్రశ్నకు పోయింది. మేఘ ల్యాప్‌టాప్ మూసేసింది. ఇంకా నాలుగు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అన్నానికి మిల్లు నుంచి వచ్చిన శివరాజ్ వసారాలో ఆమెను చూశాడు. కంచం పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఇంట్లో ఎప్పుడూ గొంతు తగ్గించే మాట్లాడతాడు.

"ఒక్క మాట అడుగుత బిడ్డా, కోపం జేసుకోకు. టీచర్ కోర్సు వద్దంటివి. బ్యాంకు పరీక్ష రాయమంటే రాయకపోతివి. గింత తిప్పలున్న పనే ఎందుకు పట్టినవ్?"

ఇన్నేళ్ళలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. మేఘ ఆయన ముఖంలోకి చూసింది. చెప్పేయాలనుకుంది. ఈ పనిలో మాట్లాడే అవసరం ఉండదనుకున్నాను నాయనా అని. వాక్యాన్ని ముందుగా చూసుకుంది. మధ్యలో గుంట ఉందని తెలుసు. పక్కకు దిగాలనిపించలేదు.

"ఎందుకంటే నాయన... దాన్ల... మ... మ..."

శివరాజ్ కాసేపు ఓపిక పట్టాడు. కూతురి మెడ నరం తేలడం, కళ్ళు మూతపడటం చూసి ఆయన తట్టుకోలేకపోయాడు.

"మస్తు జీతమొస్తదని. గంతే గద బిడ్డా?"

మేఘ పెదవులు అప్పుడు విడిపోయాయి. తల ఊపింది.

"జీతానిదేముంది తియ్. ఉన్నదాంట్ల బతుకుదం" అని ఆయన ఆమె తల నిమిరాడు. కారణం తెలిసినందుకు ఆయనకు కొంచెం తేలికయింది. పోయి అన్నం తిన్నాడు.

బస్టాండు దగ్గర రంగప్ప అనే దూరపు చుట్టానికి ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. ఇప్పుడు మేఘ అక్కడే పనిచేస్తోంది. అరకేర నుంచీ దేవదుర్గం వైపు ఊళ్ళ నుంచీ వచ్చినవాళ్ళు పొలం పహణీలకు, పింఛన్లకు, స్కాలర్‌షిప్‌లకు వరుస కడతారు. కౌంటర్ దగ్గర నిలబడి వాళ్ళ పేర్లూ వివరాలూ అడిగేది రంగప్ప. ఆయన గట్టిగా చెబుతుంటే లోపల గోడ వైపు తిరిగి కూర్చుని ఆమె ఎక్కిస్తుంది. తనూజ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మేఘ ఎత్తదు. ఉద్యోగాల మెయిళ్ళు వస్తూనే ఉంటాయి, వాటిని తెరవడం మానేసింది. కొన్ని రోజులు పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించే దాకా ఆమె నోట ఒక్క మాట కూడా రాదు. ఇంటికి వచ్చాక కూడా తల ఊపడంతోనే సరిపోతుంది.

మొన్న పక్కింటావిడ వచ్చినప్పుడు కృష్ణాబాయి ఆమెతో, మా పిల్లకు ఈ మధ్య నత్తి శానా తగ్గింది, అస్సలు వినపడ్తలేదు అని చెప్పింది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న మేఘకు అది వినిపించింది. కొళాయి ఇంకొంచెం తిప్పుకుని మిగిలిన గిన్నెలు కడిగింది.